ముప్పై ఎనిమిదో పెట్టె మీది రాత

దుమ్ము పంతొమ్మిదో ఏడు, 204వ రోజు

ఊపిరి పెట్టె నంబరు 38. తొడుక్కునే మనిషి మా చెల్లెలు తాయారు. పైడబ్బా మా అమ్మ పోపుల డబ్బా, స్టీలుది, మూత అంచున చిన్న సొట్ట ఉంది. లోపలి సామాను కట్టింది నూకయ్య. నాబ్‌లు మూడు, సాకెట్లు రెండు. పాత రాత చెమటకు చెరిగిపోయిందని మళ్లీ రాయించుకోవడానికి తెచ్చింది.

నిన్న పొద్దుట నుంచి సాయంత్రం దాకా దాన్ని నేనే గుండె మీద కట్టుకుని తిరిగాను. ఒక పూటైనా తొడుక్కోకుండా ఏ పెట్టె మీదా రాయకూడదన్నది నా పనిలో మొదటి నియమం. కట్టినవాళ్లు రాయకూడదన్నది రెండోది. నూకయ్యకు తను కట్టిన పెట్టెలో ప్రతి తీగా కంఠతా వచ్చు, కాబట్టి అసలు రాయడమెందుకని అతని వాదన. అలాంటివాళ్ల నుంచి ఈ గోదాంలో తలదాచుకున్న జనాన్ని కాపాడటానికే నేను పుట్టానని నా నమ్మకం.

మూడో నియమం మాటల గురించి. తొడుక్కునేవాళ్లు ఏ మాట చెబితే ఆ మాటే రాయాలి. తొలి ఏళ్లలో అన్ని పెట్టెల మీదా ఒకే రకం మాటలు రాసేవారు. బయట దుమ్ములో ఊపిరి అందక కంగారు పుట్టినప్పుడు ఆ మాటలు ఎవరికీ బుర్రకెక్కలేదు. నోట్లో రోజూ నానే మాటైతే చెయ్యి దానంతటదే వెళుతుంది. అందుకే ఒకరి పెట్టె మీద గాలి నాబ్ ‘విసురు’ అయితే ఇంకొకరి మీద ‘బువ్వ’. ఎవరి మాటలు వాళ్ల సొంతం కనుక ఒకరి పెట్టె మీది రాత ఇంకొకరు చదవడం ఇక్కడ మర్యాద కాదు. చదవడం కష్టం కూడా. తల దించి చూసుకునే మనిషికి నిటారుగా కనిపించేలా, అక్షరాల తలలు బయటికీ కాళ్లు గడ్డం వైపుకీ పెట్టి చెక్కుతాను. ఎదురుగా నిలబడ్డవాళ్లకు అవన్నీ తలకిందులే.

తాయారు మాటలు ఇవి. ఫ్యాను తిప్పే నాబ్: విసురు. వడపోత గుడ్డ తడిపే నాబ్: చెమ్మ. రేడియో నాబ్: సొద. ఇక సాకెట్లు. బ్యాటరీ అయిపోతే తోటిమనిషి పెట్టె నుంచి కరెంటు తీసుకునేది ఒకటి, తోటిమనిషికి కరెంటు ఇచ్చేది ఒకటి.

“తీసుకునేదానికి పుట్టిల్లు అని రాయక్కా,” అంది తాయారు. “ఇచ్చేదానికి అత్తారిల్లు అని.”

ఇద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. పదకొండేళ్ల కాపురంలో అది అత్తకు ఎంత చాకిరీ చేసిందో నాకు తెలుసు. ఆవిడ పోయేదాకా ఒక్కనాడు కూడా విసుక్కోలేదు. అలసిపోయినప్పుడు మాత్రం నా వాటాలోకి వచ్చి, గోడకు చేరగిలబడి, ఏమైనా పెట్టు అనేది. పెట్టేదాన్ని. మొగుడికి ఈ మాటలు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. గవర్రాజు ఉడుక్కుంటాడట.

సూదిమొనతో గీసి, మసిలో ఆముదం కలిపి రుద్ది, పైన లక్క పూశాను. నా చేతిరాత గురించి నేనే చెప్పుకోకూడదు గానీ బాగా కుదిరింది.

211వ రోజు

చిన్న పని. ఆరో నంబరు పెట్టెకు నాబ్ మార్చారు, గుర్తు మళ్లీ గీశాను.

రేపు గుట్ట మీద సోలారు పలకలు తుడిచే వంతు తాయారుది. దాని జతమనిషి జ్వరంతో పడుకుంది. ఒకే ఇంటి నుంచి ఇద్దరు బయటికి వెళ్లకూడదు. ఒకరికి ఏమైనా అయితే ఇంట్లో ఇంకొకరు మిగలాలని పెట్టుకున్న నియమం. కానీ పలకల మీద దుమ్ము పేరుకుని దీపాల కింద పాదులు వాడిపోతున్నాయి. ఈ ఒక్కసారికి గవర్రాజు వెళ్లొచ్చని సంఘం ఒప్పుకుంది. మొగుడూ పెళ్లాం షికారుకు వెళుతున్నారా అని ఏడిపించాను. తాయారు నా బీరపాదు నుంచి రెండు కాయలు అడక్కుండానే కోసుకుపోయింది.

212వ రోజు

తాయారు చనిపోయింది.

215వ రోజు

రాయకుండా ఉండలేను, రాయనూలేను. జరిగింది జరిగినట్టు పెడతాను.

తిరిగి వచ్చే దారిలో గాలిదుమ్ము లేచింది. ఫ్యాను పూర్తి వేగంతో తిప్పాల్సి రావడంతో తాయారు బ్యాటరీ సగం దారిలోనే అయిపోయింది. అది సోలిపోయింది. గవర్రాజు తన పెట్టె నుంచి తీగ లాగి దాని పెట్టెకు తగిలించాడు. దాన్ని భుజాన వేసుకుని నలభై నిమిషాలు నడిచాడు. తడిగుడ్డల తలుపు దాటి లోపలికి వచ్చాక అందరం చుట్టూ చేరి ముసుగు తీశాం. నా చెల్లెలి మొహం నల్లగా ఉంది.

తీగ అప్పటికీ తగిలించే ఉంది. అది తీసుకునే సాకెట్టులో లేదు. ఇచ్చేదానిలో ఉంది.

ఆ సాకెట్టు వెనక నూకయ్య పెట్టిన డయోడు కరెంటును బయటికే పోనిస్తుంది, లోపలికి రానివ్వదు. గవర్రాజు బ్యాటరీలో ఇంకా కరెంటు మిగిలే ఉంది. అందులోంచి ఒక్క చుక్క కూడా తాయారుకు చేరలేదు. అతని పెట్టె మీద ఎర్ర బల్బు మాత్రం వెలుగుతూనే ఉంది. తీగ గట్టిగా కూర్చుందని చెప్పడమే ఆ బల్బు పని, కరెంటు పారుతోందో లేదో దానికి తెలియదు. ఆ గాలి హోరులో ఫ్యాను తిరుగుతున్నదీ లేనిదీ ఎవరికి వినపడుతుంది?

బయట మనిషి పోతే పెట్టె ముందు రాసినవాళ్ల దగ్గరికి వస్తుంది. రాత తప్పా, కట్టుబడి తప్పా, చెయ్యి తప్పా అన్నది చూసి పదకొండో రోజున సంఘం ముందు చెప్పాలి. నా చెల్లెలి పెట్టె కదా, ఇంకెవరైనా చూస్తారా అని భాగ్యవతి గారు అడిగారు. ఆవిడ సంఘం పెద్ద. నేనే చూస్తానన్నాను. రాసే పనికి ఇంకెవరున్నారు ఇక్కడ?

చెయ్యి తప్పని తేలితే ఆ మనిషి పెట్టె వెనక్కి తీసుకుంటారు. ఇక జన్మలో తలుపు దాటకూడదు. ఎవరూ జత కట్టరు, ఏ పనికీ పిలవరు. అలాంటివాళ్లను ఇద్దరిని చూశాను. బతికే ఉన్నారు, అంతే.

216వ రోజు

పెట్టె బల్ల మీద పెట్టుకుని పొద్దున్నంతా కూర్చున్నాను, ముట్టుకోలేదు. నా భయం ఒక్కటే. నవ్వుల్లో పడి రెండు మాటలూ తారుమారుగా రాశానేమోనని. అదే నిజమైతే చెల్లెల్ని చంపింది నేనే.

చివరికి నూకయ్యను పిలిచాను. బ్యాటరీ తీసేసి, ఇంకో పెట్టె నుంచి తీగ లాగి ఇచ్చాడు. పుట్టిల్లులో తీగ పెట్టాను, ఫ్యాను తిరిగింది. తీసి అత్తారిల్లులో పెట్టాను, ఆగిపోయింది. మూడుసార్లు చేశాం. రాత సరిగ్గా ఉంది. కట్టుబడీ సరిగ్గా ఉంది. నూకయ్య మొహం తుడుచుకుని, నా తప్పేం లేదు కదమ్మా, అని రెండుసార్లు అడిగాడు. లేదని చెప్పి పంపించాను.

అతను వెళ్లాక నాకు ప్రాణం తేలికపడింది. అది తెలిసి నా మీద నాకే అసహ్యం వేసింది. చెల్లెలు పోయి నాలుగు రోజులే అయింది, నా రాత సరిగ్గా ఉందని ఊపిరి పీల్చుకున్నాను.

217వ రోజు

మిగిలింది గవర్రాజు చెయ్యి.

పదకొండేళ్లుగా ఎరుగుదును. నెమ్మదస్తుడు. బీరకాయ పచ్చడి ఉంటే రెండు పూటలదీ ఒక్క పూటలో తినేసి, కంచం తనే కడిగి వెళతాడు. తాయారుకు కోపం వస్తే రాయబారానికి నా దగ్గరికే వచ్చేవాడు. అలాంటి మనిషి మీద ఇవాళ నాకు కడుపు మండిపోతోంది. ఉన్నవి రెండే సాకెట్లు. ఒకటి పని చేయకపోతే రెండోది పెట్టి చూడాలని పసిపిల్లకైనా తోస్తుంది కదా!

నీళ్ల కుళాయి దగ్గర ఎదురుపడ్డాడు. ఎప్పుడూ నువ్వు అనేదాన్ని, ఇవాళ నోటికి మీరు వచ్చింది. కాస్త తప్పుకుంటారా అన్నాను. తప్పుకున్నాడు. బిందె నింపుకుని వచ్చేశాను.

అప్పటి నుంచీ ఆ తప్పుకున్న తీరే కళ్ల ముందుంది. మనిషి సగమైపోయాడు.

219వ రోజు

ఎవరితోనూ మాట్లాడటం లేదని భాగ్యవతి గారు చెప్పారు. సంఘం రెండుసార్లు పిలిచి అడిగితే, నేనే తగిలించాను, నాదే తప్పు అని ఒక్క ముక్క చెప్పి వచ్చేశాడట. అంతటితో తేలిపోయింది కదా అన్నారావిడ. నేను సంతకం పెడితే చాలు.

పెట్టి ఉండేదాన్నే. కానీ ఏ పెట్టె మీదైనా రాసే ముందు తొడుక్కుని చూసే మనిషిని నేను. చూడకుండా ఎలా రాయను? అతను నిలబడిన చోట నిలబడి చూడాలనుకున్నాను. పెట్టెను గోడ మేకుకు గుండె ఎత్తులో తగిలించి, దుమ్ము కళ్లద్దాలు పెట్టుకుని, ఎదురుగా నిలబడ్డాను. రాత తలకిందులుగా ఉంది. ఒంగి, మెడ తిప్పితే చదవగలిగాను. పుట్టిల్లు, అత్తారిల్లు. నా చేతిరాత శుభ్రంగా ఉంటుంది కనుక అతను కూడా చదవగలిగే ఉంటాడు. చదివి కూడా తప్పు దాంట్లో ఎందుకు పెట్టాడు?

మధ్యాహ్నం వాళ్ల వాటాకు వెళ్లాను. తాయారు చీర ఇంకా దండెం మీదే ఉంది. గవర్రాజు కింద కూర్చుని ఆ తీగ కొసను గుడ్డతో తుడుస్తున్నాడు. ఎన్ని రోజులుగా తుడుస్తున్నాడో, ఇత్తడి తళతళలాడుతోంది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

రాత చదివారా అని అడిగాను. తల ఊపాడు. చదివితే మరి అందులో ఎందుకు పెట్టారన్నాను. తీగ కొసను గుడ్డతో మళ్లీ తుడిచాడు. నేను కదల్లేదు.

“ఒంగుని చదివేనండి వదిన గారూ,” అన్నాడు చివరికి. “ఒకరి పెట్టె చదవకూడదని తెలుసండి. అయినా చదివేను. పుట్టిల్లు, అత్తారిల్లు అని ఉందండి. ఇంక ఆలోచించలేదు. నాకు అత్తారిల్లంటే మీ ఇల్లే కదండీ. ఎప్పుడొచ్చినా కడుపు నిండా పెట్టి, చేతిలో కూడా ఏదో ఒకటి పెట్టి పంపేరు. వట్టి చేతుల్తో ఒక్కనాడు పంపలేదు మీరు. తాయారుకి కూడా ఊపిరి అక్కణ్ణించే వస్తాదనుకున్నానండి.”

నేనూ కింద కూర్చున్నాను. 

ఒకే ఇల్లు. నా ఇల్లు. అదే గోడ, అదే పొయ్యి, అదే బీరపాదు. తాయారుకు అది పుట్టిల్లు, గవర్రాజుకు అత్తారిల్లు. తాయారు పెట్టె మీద అత్తారిల్లంటే అతని ఇల్లు. అది తన ఒళ్లంతా ధారపోసిన ఇల్లు. పాపం, ఆ సంగతి అతనికి తెలియదు. తెలిస్తే ఉడుక్కుంటాడని మేమిద్దరం నవ్వుకుంటూ దాచాం.

అతను ఇంకా చెబుతున్నాడు. ఎర్ర బల్బు వెలిగిందట. హమ్మయ్య అనుకుని భుజానికి ఎత్తుకున్నాడట.

“దారంతా చెప్తానే ఉన్నానండి దానికి. గాలి వస్తంది కదా, ఇంకాసేపే, ఓర్చుకో అని. వింటందనుకున్నాను.”

ఇద్దరం ఏడ్చాం. తాయారు పోయాక నేను గొంతెత్తి ఏడ్చింది అప్పుడే. కాసేపటికి అతనే కళ్లు తుడుచుకుని, మీ రాత సరిగ్గానే ఉందని రాసెయ్యండి, నాకు బయటికి వెళ్లాలని లేదు అన్నాడు. నేను లేచి వచ్చేశాను. 

220వ రోజు

పని లేదు. ఈ పుస్తకంలో పాత పేజీలు కొన్ని చదివాను. అరవై ఒక్క పెట్టెలు. ఒక్కొక్క దాని మీదా రెండేసి సాకెట్లు. ఒకరు తీసుకునేదాన్ని ‘అమ్మ’ అన్నారు, ఒకరు ‘బావి’ అన్నారు, ఒకరు ఇచ్చేదాన్ని ‘చెల్లు’ అన్నారు. ముప్పై మూడో పెట్టెకు ‘నువ్వు’, ‘నేను’ అని రాశాను. ఆ రోజు ఎంత ముద్దుగా ఉందో అనుకున్నాను. ఇవాళ ఎదుటివాళ్లలా చదివితే ఎవరు నువ్వో, ఎవరు నేనో తేలలేదు.

222వ రోజు

తాయారు పదకొండో రోజు. పొద్దున కర్మ అయ్యాక సంఘం కూర్చుంది. గవర్రాజు తన పెట్టెను ముందే విప్పి బల్ల మీద పెట్టి, తలుపు దగ్గర నిలబడ్డాడు.

నూకయ్య కట్టుబడిలో తప్పు లేదన్నాను. చెయ్యిలో తప్పు లేదన్నాను. రాత తప్పన్నాను.

భాగ్యవతి గారు కళ్లజోడు తీశారు. “రాత సరిగ్గా ఉందని మూడుసార్లు పరీక్ష పెట్టి చూసింది నువ్వే కదా, రాజ్యం. నూకయ్య చెప్పాడు.”

“తాయారుకు సరిగ్గానే ఉందండి,” అన్నాను. “కానీ ఆ రెండు సాకెట్లూ తాయారువి కావు. ఊపిరి ఆడుతున్నంతసేపూ మనకు వాటితో పని లేదు. ఆడనప్పుడు మన చెయ్యి లేవదు. వాటిని వెతికేది ఎదురుగా నిలబడ్డ మనిషి. ఆ మనిషికి అర్థమయ్యే మాటలు, ఆ మనిషి వైపు తిప్పి రాయాలి. ఇన్నేళ్లుగా నేను తలకిందులుగా రాస్తున్నాను.”

 వెనక ఎవరో, మరి మా పెట్టెల సంగతేంటి అన్నారు. వాళ్లు తమ పెట్టెల వైపు తలలు దించి చూసుకోవడం కనిపించింది.

రాత తప్పైతే రాసినవాళ్ల సూది తీసుకుంటారు, మళ్లీ రాయనివ్వరు. అది నాకు తెలిసే చెప్పాను. అరవై ఒక్క పెట్టెల సాకెట్లూ తిరగరాసేదాకా నా దగ్గర ఉంచి, ఆ తరవాత తీసుకోమని అడిగాను. భాగ్యవతి గారు మిగతావాళ్లతో మాట్లాడి సరేనన్నారు. నాబ్‌ల మీద ఎవరి మాటలు వాళ్లవే ఉంటాయి, గడ్డం వైపే ఉంటాయి. సాకెట్ల మీద మాత్రం అందరికీ ఒకటే, బయటికి తిరిగి: ‘ఇస్తుంది’, ‘తీసుకుంటుంది’. ఇక మీదట సాకెట్ల రాతలు ఎదుటివాళ్లు చదవడం మర్యాద.

గవర్రాజు పెట్టె అతనికి తిరిగి ఇచ్చారు. అతను తీసుకోలేదు. బల్ల మీదే వదిలి వెళ్లిపోయాడు.

229వ రోజు

పదిహేడు పెట్టెలు అయ్యాయి. లక్క గోకి, పాత గీతలు కనిపించకుండా గరుకు కాగితంతో రుద్ది, కొత్తవి చెక్కడానికి ఒక్కోదానికి రెండు గంటలు పడుతోంది. నూకయ్య అడక్కుండానే వచ్చి గోకి పెడుతున్నాడు. గోకేముందు జనం పాత మాటను ఒకసారి వేలితో తడిమి ఇస్తున్నారు. ‘బావి’ పెద్దాయన మాత్రం నా మీద అలిగాడు. అలగనీ.

244వ రోజు

ముప్పై ఎనిమిది. ఎన్ని రోజులు పక్కన పెట్టినా చివరికి చెయ్యక తప్పదు, పెట్టెలు చాలక ఇద్దరు ముగ్గురు వంతులు వేసుకుంటున్నారు.

అత్తారిల్లు గోకాను. పుట్టిల్లు గోకాను. పుట్టిల్లు ఒక పట్టాన పోలేదు, లోతుగా చెక్కాను కాబోలు. ఎంత రుద్దినా వేలికి తగులుతూనే ఉంది. దాని మీదే ‘తీసుకుంటుంది’ అని రాశాను. విసురు, చెమ్మ, సొద అలాగే వదిలేశాను. కొత్తగా తొడుక్కోబోయే అమ్మాయి తన మాటలు చెప్పాక మారుస్తాను. అందాకా ఉండనీ.

253వ రోజు

అరవై పెట్టెలు పూర్తి. మిగిలింది గవర్రాజుది, పదిహేడో నంబరు, సంఘం బల్ల మీద ముప్పై రోజులుగా ఎవరూ ముట్టుకోనిది. నేనే తెచ్చుకున్నాను. వడపోత గుడ్డ ఉతికి, పట్టీలు సరిచేసి, సాకెట్ల మీద దుమ్ము తుడిచాను. అప్పుడు కనిపించింది రాత.

ఆ మాటలు రాసింది నేనే. పాత పేజీ తీసి చూస్తే ఉంది, వాళ్ల పెళ్లయిన నెలకు. మాటలు చెప్పడానికి సిగ్గుపడి, చీటీ మీద రాసిచ్చి అటు తిరిగి నిలబడ్డాడని కూడా రాసుకున్నాను. ఇచ్చే సాకెట్టు మీద ఉన్న మాట ఒక్కటే: ‘తాయారుకి’.

ఒకే ఇంటి నుంచి ఇద్దరు వెళ్లకూడదన్న నియమం వల్ల పదకొండేళ్లలో ఆ సాకెట్టు నుంచి తాయారుకు తీగ తగిలించే అవసరం ఒక్కసారే వచ్చింది.

గోకడానికి నాకు చెయ్యి రాలేదు. అతన్ని పిలిపించాను. వచ్చాడు, గుమ్మంలోనే ఆగాడు. పెట్టె చూపించి, ఇది నేను ఒక్కదాన్నే చెయ్యలేను, పట్టుకోవాలి అన్నాను. వచ్చి ఎదురుగా కూర్చుని రెండు చేతులతో పెట్టెను కదలకుండా పట్టుకున్నాడు. నేను గోకాను. మసి, లక్క పొడిగా రాలి అతని వేళ్ల మీద పడ్డాయి. ఒక్కో అక్షరం పోతుంటే అతను కళ్లు తిప్పుకోలేదు, నేనే ఆగి ఆగి గోకాను. తరవాత అతని వైపు నుంచి కాదు, నా వైపు నుంచి చదివేలా ‘ఇస్తుంది’ అని చెక్కాను.

లక్క ఆరేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం. పట్టీలు అతని భుజాల మీద వేసి నేనే బిగించాను. ఎల్లుండి పలకల వంతుకు జతమనిషి కావాలట, నూకయ్య వస్తానన్నాడని చెప్పాను. వద్దనలేదు. పెట్టె విప్పి సంకలో పెట్టుకుని లేచాడు.

“అన్నం తిని వెళ్లు, గవర్రాజూ,” అన్నాను.

అతను నా మొహంలోకి చూసి, పెట్టె గోడ పక్కన పెట్టి, తాయారు కూర్చునే చోట కూర్చున్నాడు. బీరకాయ పచ్చడి ఉంది. కంచం నిండా పెట్టాను. తింటూ తింటూ మధ్యలో ఆగి, ఎడమ చేత్తో కళ్లు తుడుచుకుని, మళ్లీ తిన్నాడు. కంచం తనే కడిగాడు. వెళ్లేటప్పుడు పాదు మీద నుంచి రెండు కాయలు కోసి చేతిలో పెట్టాను.

పెట్టెలు అరవై ఒకటీ అయ్యాయి. సూది రేపు పొద్దున సంఘానికి ఇచ్చేస్తాను.